మిలిటరీ తర్వాత కోస్ట్ గార్డ్: ఎవరికి కుదురుతుంది, ఎవరికి వేరే దారి మేలు

"కోస్ట్ గార్డ్‌లో మాజీ సైనికులకు కోటా ఉందట కదా" అనే మాట డిశ్చార్జి దగ్గరపడ్డ ప్రతి జవాను చెవినా పడుతుంది. అందులో సగమే నిజం. ఆ సగం ఏదో తెలియక ముప్పై ఆరేళ్ల హవల్దార్లు నావిక్ (సెయిలర్) నోటిఫికేషన్ కోసం కాచుకుని కూర్చుంటారు. ఇరవై మూడేళ్ల అగ్నివీర్లేమో (నాలుగేళ్ల స్కీంలో చేరినవాళ్లు) "మనకెక్కడ వస్తుందిలే" అని వదిలేస్తారు. జరగాల్సింది దీనికి సరిగ్గా తలకిందులు.

ఇండియన్ కోస్ట్ గార్డ్ 1977 ఫిబ్రవరి 1న మొదలైంది. 1978 చట్టంతో సాయుధ దళమైంది. ఉండేది రక్షణ శాఖ కిందే. అందులో కొలువులు రెండు రకాలు. యూనిఫాం వేసుకుని ఓడెక్కే నావిక్, యాంత్రిక్ (టెక్నికల్ సెయిలర్), అసిస్టెంట్ కమాండెంట్ (ఆఫీసరు) ఒక రకం. స్టోర్ కీపర్, డ్రైవర్, ఫైర్‌మన్, లాస్కర్ (బోటు మీద సహాయకుడు) లాంటి సివిలియన్ పోస్టులు రెండో రకం. మాజీ సైనికుల కోటా గానీ, వయసులోంచి సర్వీసు తీసేసే వెసులుబాటు గానీ ఈ రెండో రకానికే. యూనిఫాం కొలువుకు ఆ లెక్క నడవదు.

## ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

వయసు. మిగతావన్నీ దీని తర్వాతే. నావిక్, యాంత్రిక్‌లకు 18 నుంచి 22 ఏళ్లు. ఓబీసీకి 3, ఎస్సీ ఎస్టీకి 5 ఏళ్ల సడలింపు. అసిస్టెంట్ కమాండెంట్‌కు 21 నుంచి 25. కేంద్ర సివిలియన్ పోస్టులకు మాజీ సైనికుల లెక్క వేరు: అసలు వయసులోంచి మిలిటరీ సర్వీసు తీసేయాలి, మిగిలింది పోస్టు గరిష్ఠ వయసు కన్నా మూడేళ్లకు మించకూడదు.

ఒక లెక్క వేసి చూద్దాం. వయసు 38 ఏళ్ల 3 నెలలు, సర్వీసు 17 ఏళ్ల 2 నెలలు. తీసేస్తే 21 ఏళ్ల ఒక నెల. పోస్టు 18-25 అయితే హద్దు 28, హాయిగా అర్హుడే. అదే మనిషి ఎనిమిదేళ్లు ఊళ్లో ఉండి 46వ ఏట దరఖాస్తు పెడితే మిగిలేది 29 దాకా వస్తుంది. 18-25 పోస్టు చేజారింది, 18-27 పోస్టు ఇంకా అందుతుంది. సర్వీసు పెరగదు, వయసు పెరుగుతుంది. ఇంట్లో కూర్చున్న ప్రతి ఏడూ ఈ లెక్కలో ఒక ఏడు కోత.

పెన్షన్. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లకు ఉన్న పాత పెన్షన్ కోస్ట్ గార్డ్‌కు లేదు. 2004 జనవరి తర్వాత చేరినవాళ్లకు కాంట్రిబ్యూటరీ పద్ధతే, అంటే జీతంలోంచి కొంత, ప్రభుత్వం కొంత జమచేసేది. పదిహేనేళ్లకు పెన్షన్‌తో బయటకు రావడం నేవీ లెక్క. కోస్ట్ గార్డ్ రిటైర్మెంట్ వయసు దాకా చేసే దీర్ఘ ఉద్యోగం. రెండూ ఒకేలాంటి తెల్ల యూనిఫాం కొలువులే కదా అనుకుని చేరిన కుర్రాళ్లకు ఈ తేడా చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

ర్యాంకు. పాత ర్యాంకు వెంట రాదు. సెక్షన్ కమాండర్‌గా పది మందిని నడిపినవాడైనా ట్రైనింగ్‌లో అందరితో పాటు మొదటి వరసలో నిలబడాల్సిందే.

సముద్రం. ఆర్మీ నుంచి వచ్చేవాళ్లు దీన్ని తక్కువగా అంచనా వేస్తారు. దీని గురించి కింద విడిగా ఉంది.

చదువు. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉన్నాయా లేదా అన్న ఒక్క ప్రశ్నే చాలామంది దారిని తేలుస్తుంది.

## ఒక చూపులో

| దారి | ఎవరికి | మొదటి బేసిక్ | పెన్షన్ | ఇంటికి దగ్గరా? |
|---|---|---|---|---|
| నావిక్ | నాలుగేళ్లు ముగిసే అగ్నివీర్లు | 21,700 | కాంట్రిబ్యూటరీ | చెప్పలేం |
| యాంత్రిక్ | డిప్లొమా ఉన్న అగ్నివీర్లు | 29,200 + యాంత్రిక్ పే 6,200 | కాంట్రిబ్యూటరీ | చెప్పలేం |
| అసిస్టెంట్ కమాండెంట్ | సర్వీసులో ఉన్న, 30 లోపు డిగ్రీవాళ్లు | 56,100 | కాంట్రిబ్యూటరీ | చెప్పలేం |
| కోస్ట్ గార్డ్ సివిలియన్ | పెన్షన్‌తో వచ్చిన మాజీ సైనికులు | 18,000 నుంచి 25,500 | మిలిటరీ పెన్షన్ + కొత్త స్కీం | చాలావరకు |
| డిఫెన్స్ సెక్యూరిటీ కోర్ | ఇటీవలే డిశ్చార్జి అయినవారు | సిపాయి స్కేలు | మిలిటరీ పెన్షన్, 15 ఏళ్లు చేస్తే రెండోది | బదిలీలుంటాయి |
| మర్చంట్ నేవీ | నేవీ సెయిలర్లు, టెక్నికల్ ట్రేడ్లు | కాంట్రాక్టును బట్టి | ప్రభుత్వ పెన్షన్ లేదు | నెలల తరబడి దూరం |
| బ్యాంకు, ప్రభుత్వ రంగ సంస్థ | ఎక్కువమంది మాజీ సైనికులు | సంస్థను బట్టి | మిలిటరీ పెన్షన్ + సంస్థ స్కీం | బాగా దగ్గర |

## అగ్నివీర్లకు: నావిక్, యాంత్రిక్

నేవీ మొదటి అగ్నివీర్ బ్యాచ్ 2022 చివర్లో ఒడిశాలోని నేవీ శిక్షణ కేంద్రం చిల్కాలో చేరింది. వాళ్ల నాలుగేళ్లు 2026 చివరికి పూర్తవుతాయి, ఆర్మీ వాళ్లవి కాస్త అటూ ఇటూ. రెగ్యులర్ కేడర్‌లోకి తీసుకునేది 25 శాతం దాకానే. మిగతావాళ్లు సుమారు 11.71 లక్షల సేవా నిధితో (ఒకేసారి చేతికిచ్చే మొత్తం) బయటికి వస్తారు. పెన్షన్ ఉండదు, మాజీ సైనికుడి హోదా కూడా రాదు. కాబట్టి పైన చెప్పిన "వయసులోంచి సర్వీసు తీసేయడం" వీళ్లకు పనికిరాదు.

వీళ్లకున్నది వేరే వెసులుబాటు. 2022 జూన్‌లో రక్షణ శాఖ కోస్ట్ గార్డ్‌లో, రక్షణ శాఖ సివిలియన్ పోస్టుల్లో, 16 రక్షణ రంగ సంస్థల్లో అర్హులైన అగ్నివీర్లకు 10 శాతం రిజర్వేషన్ ప్రకటించింది. దానికి తగ్గ వయసు సడలింపు కూడా ఇస్తామంది. ఎన్నేళ్లు, ఏ తేదీకి అన్నది ఆ బ్యాచ్ నోటిఫికేషన్‌లో చూసుకోవాలి, వాట్సాప్ గ్రూపుల్లో కాదు. సడలింపు సంగతి పక్కన పెట్టి మామూలు హద్దుతో చూస్తే ఇలా ఉంటుంది: 19 ఏళ్ల 4 నెలలకు చేరిన కుర్రాడు 23 ఏళ్ల 4 నెలలకు బయటికి వస్తాడు. ఓపెన్ కేటగిరీ అయితే 22 దాటిపోయింది. ఓబీసీ అయితే 25 దాకా అవకాశం ఉంది.

ఈ ఓబీసీ దగ్గరే మన రెండు రాష్ట్రాల పిల్లలు ఎక్కువగా దెబ్బతింటారు. మండల ఆఫీసులో తీసుకున్న బీసీ-ఏ, బీసీ-డీ సర్టిఫికెట్ కేంద్ర ఉద్యోగానికి చెల్లదు. కేంద్ర ఫార్మాట్‌లో నాన్ క్రీమీలేయర్ ఓబీసీ సర్టిఫికెట్ కావాలి, అదీ నోటిఫికేషన్ చెప్పిన తేదీల మధ్య తీసుకున్నదై ఉండాలి. పైగా రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు. మీ కులం అక్కడ లేకపోతే సడలింపు లేనట్టే. పరీక్ష పాసై, పరుగు పాసై, కాగితాల బల్ల దగ్గర ఆగిపోవడం కన్నా ఇది ముందే చూసుకోవడం మంచిది.

ఇక అర్హత. నావిక్ జనరల్ డ్యూటీకి ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ తప్పనిసరి. అంటే ఎంపీసీ. సీఈసీ, హెచ్ఈసీ చేసి ఫౌజులో చేరినవారికి పదో తరగతి మీద తీసుకునే డొమెస్టిక్ బ్రాంచ్ ఒక్కటే మిగులుతుంది. అందులో పని వంట, వడ్డన వైపు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్, మెకానికల్, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ఉంటే యాంత్రిక్‌కు వెళ్లండి. నావిక్‌కూ దానికీ మొదటి నెల నుంచే జీతంలో పెద్ద తేడా ఉంది. పైగా ఇంజిన్ రూంలో నేర్చుకున్న పని రిటైరయ్యాక బయట కూడా అన్నం పెడుతుంది. రెంటికీ అర్హత ఉండి నావిక్ ఎంచుకోవడానికి మంచి కారణమేదీ కనబడదు.

పరీక్షలో మొదటి సెక్షన్ 60 ప్రశ్నలు, 45 నిమిషాలు, పదో తరగతి స్థాయి. జనరల్ డ్యూటీ వాళ్లకు రెండో సెక్షన్ ఇంటర్ మ్యాథ్స్, ఫిజిక్స్: 50 ప్రశ్నలు, 30 నిమిషాలు. ప్రశ్నకు 36 సెకన్లు. నెగటివ్ మార్కులు లేవు కాబట్టి ఏదీ ఖాళీగా వదలకూడదు. రెండో దశలో 7 నిమిషాల్లో 1.6 కిలోమీటర్ల పరుగు, 20 గుంజీలు, 10 పుషప్‌లు. నాలుగేళ్లు యూనిట్‌లో ఉన్నవాడికి ఈ పరుగు ఒక లెక్కే కాదు. ఇంటర్ లెక్కల్లో ఇంటిగ్రేషన్ చేసి నాలుగేళ్లయిందన్నదే అసలు చిక్కు. చివరి ఆరునెలల సెలవుల్లో గ్రౌండ్‌కు వెళ్లడం మానేసినా పర్లేదు, ఇంటర్ పుస్తకాలు తీయండి.

మెడికల్ చిల్కాలో మళ్లీ మొదటి నుంచి జరుగుతుంది. "నేను ఫిట్ కేటగిరీలోనే ఉన్నాను" అన్నది ఇక్కడ చెల్లుబాటు కాదు. ఫైరింగ్ రేంజ్‌లో, ఫిరంగుల పక్కన గడిపినవారికి వినికిడి ఒక అంశం. పాత మోకాలి దెబ్బ ఇంకొకటి. దరఖాస్తుకు ముందే ఒక ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఆడియోమెట్రీ చేయించుకుంటే ఎక్కడున్నారో తెలుస్తుంది.

నావిక్, యాంత్రిక్ ప్రకటనలు పురుషులకే వస్తూ వచ్చాయి. మహిళా అగ్నివీర్లకు కోస్ట్ గార్డ్ యూనిఫాం దారి ఉంటే అది అసిస్టెంట్ కమాండెంట్ నుంచే.

## సర్వీసులో ఉండగానే తట్టాల్సిన తలుపు: అసిస్టెంట్ కమాండెంట్

ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లలో సర్వీసులో ఉన్నవారికి ఇక్కడ గరిష్ఠ వయసులో ఐదేళ్ల సడలింపు ఉంటుంది. అంటే 30 దాకా. "సర్వీసులో ఉన్నవారికి" అన్న మాట మీద వేలు పెట్టి చదవండి. డిశ్చార్జి అయ్యాక చూద్దాంలే అనుకుంటే ఆ ఐదేళ్లు చేతిలో లేకుండా పోవచ్చు. దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేసిన సెయిలర్లకు, ఎయిర్‌మెన్‌కు ఇది నిజంగా మంచి అవకాశం. కానీ జనరల్ డ్యూటీకి ఇక్కడా ఇంటర్ దాకా మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి.

వంద ప్రశ్నలు, 400 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. పాసైతే ప్రిలిమినరీ బోర్డు, ఆ తర్వాత ఫైనల్ సెలక్షన్ బోర్డు. ఇందులో గ్రూప్ టాస్కులు, ఇంటర్వ్యూ మనవాళ్లను నిలదీసే చోటు. ఆర్డరు వింటే చేసే అలవాటు నాలుగేళ్లలో ఒంటికి పట్టేసి ఉంటుంది. ఇక్కడ చూసేది ఆర్డరు ఎలా ఇస్తారన్నది. దరఖాస్తుకు యూనిట్ అనుమతి కావాలి. అనుమతి కాగితం చివరి తేదీకి చేతికి రాకపోవడం మామూలే కాబట్టి నోటిఫికేషన్ వచ్చిన రోజే క్లర్కు బల్ల మీద అర్జీ ఉండాలి.

## పెన్షన్‌తో వచ్చినవారికి: కోస్ట్ గార్డ్ సివిలియన్ పోస్టులు

పదిహేను, పదిహేడేళ్లు చేసి వచ్చినవారికి "కోస్ట్ గార్డ్‌లో ఉద్యోగం" అంటే ఇదే. గ్రూప్ సీలో మాజీ సైనికులకు 10 శాతం కోటా. ఎంటీఎస్ (మల్టీ టాస్కింగ్ స్టాఫ్) పే లెవెల్ 1, డ్రైవర్, స్టోర్ కీపర్ లెవెల్ 2. ఇంజిన్ డ్రైవర్, సారంగ్ లాస్కర్ (బోటు నడిపేవాడు) లెవెల్ 4, వీటికి ఆ పనిలో కాంపిటెన్సీ సర్టిఫికెట్ కావాలి. నేవీలో ఏళ్ల తరబడి బోట్లు నడిపాను అన్న అనుభవం సర్టిఫికెట్‌కు బదులు కాదు.

జీతం సంగతి చాలామంది అనుకునే దానికన్నా మెరుగు. జవాను, జేసీవో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) స్థాయిలో రిటైరైనవారికి కొత్త ఉద్యోగంలో జీతం నిర్ణయించేటప్పుడు మిలిటరీ పెన్షన్ మొత్తాన్ని లెక్కలోకి తీసుకోరు. పోస్టు కనీస బేసిక్ దగ్గర మొదలుపెడతారు, పెన్షన్ పక్కన పూర్తిగా వస్తూ ఉంటుంది, దాని మీద డీఆర్ (ధరల పెరుగుదలకు ఇచ్చేది) కూడా. కొత్త ఉద్యోగానికి ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం, కాంట్రిబ్యూటరీది), లేదా 2025 ఏప్రిల్ నుంచి వచ్చిన యూపీఎస్ (ఏకీకృత పెన్షన్ పథకం). యూపీఎస్‌లో పదేళ్లు చేస్తే నెలకు కనీసం 10,000. 38వ ఏట చేరి 60 దాకా చేస్తే 22 ఏళ్లు. పూర్తి పెన్షన్‌కు 25 ఏళ్లు కావాలి కాబట్టి ఆ దామాషాలో వస్తుంది.

లోపం ఎక్కడంటే, పోస్టులు బహు తక్కువ. ఒక రీజియన్ ప్రకటనలో డ్రైవర్లు ముగ్గురు, స్టోర్ కీపర్ ఒక్కరు అని ఉంటే 10 శాతం కోటా ఆ విడతలో మాజీ సైనికుడి వంతుకు రాకపోవచ్చు. ఆంధ్ర తీరం చెన్నైలోని తూర్పు రీజియన్ కిందికి, విశాఖపట్నంలోని జిల్లా హెడ్‌క్వార్టర్స్ కిందికి వస్తుంది. కాకినాడ, కృష్ణపట్నం, నిజాంపట్నంలలో స్టేషన్లున్నాయి. ఈ ఒక్క దాని మీదే ఆశపెట్టుకుని రెండేళ్లు కూర్చోకండి. ప్రకటన ఎంప్లాయ్‌మెంట్ న్యూస్‌లో కనబడినప్పుడు వేసేయండి, మిగతావాటికి చదువుతూ ఉండండి. దరఖాస్తు పోస్టులో పంపమన్నప్పుడు కవరు మీద పోస్టు పేరు, కేటగిరీ రాయడం మరిచిపోతే తెరవకుండానే పక్కన పడొచ్చు.

## డీఎస్సీ, కానీ టీచర్లది కాదు

మన ఊళ్లలో డీఎస్సీ అంటే టీచర్ పోస్టులు. ఫౌజీలకు డీఎస్సీ అంటే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్. ఆయుధ డిపోలు, ఎయిర్‌బేస్‌లు, డాక్‌యార్డ్ గేట్ల కాపలా. మూడు దళాల మాజీ సైనికులను తీసుకుంటుంది, రికార్డ్స్ కేరళలోని కన్నూరులో. పరీక్షల గోల లేదు, వాతావరణం తెలిసినదే. ఆర్మీలో భాగం కావడంతో ఇక్కడ పాత పెన్షన్ పద్ధతే నడుస్తుంది, 15 ఏళ్లు పూర్తి చేస్తే రెండో పెన్షన్. కొన్ని నెలలు తగ్గినందుకు రెండో పెన్షన్ రాక కోర్టుకెక్కిన కేసులు బోలెడు. చేరే రోజే క్యాలెండరు మీద పదిహేనేళ్ల తేదీ గుర్తుపెట్టుకోండి.

డిశ్చార్జి తర్వాత ఎక్కువ గ్యాప్ ఉంటే తీసుకోరు. రాత్రి గేటు డ్యూటీ, కుటుంబానికి దూరం మళ్లీ మొదలు. కొత్తగా నేర్చుకునేదేమీ ఉండదు. ఇంకో పరీక్ష రాసే ఓపిక లేని, ఆరోగ్యం బాగున్న జవానుకు మాత్రం కోస్ట్ గార్డ్ సివిలియన్ పోస్టు కన్నా ఇదే అందుబాటులో ఉన్న దారి.

## మర్చంట్ నేవీ: డబ్బుంది, జాగ్రత్త కావాలి

ఇది ప్రధానంగా నేవీ వాళ్లకు. పాస్‌పోర్టు, ఐఎన్‌డీవోఎస్ నంబరు (ఓడ ఉద్యోగి గుర్తింపు నంబరు), సీడీసీ (ఓడ ఉద్యోగి సర్వీసు పుస్తకం), అంతర్జాతీయ ఎస్‌టీసీడబ్ల్యూ ప్రమాణాల బేసిక్ కోర్సులు (ప్రాణరక్షణ, అగ్నిమాపకం, ప్రథమ చికిత్స, వ్యక్తిగత భద్రత, ఓడ భద్రత) ఉండాలి. నేవీలో ఇవన్నీ నేర్చుకున్నా డీజీ షిప్పింగ్ (కేంద్ర నౌకాయాన డైరెక్టరేట్) గుర్తించిన సంస్థలో కోర్సు చేసిన సర్టిఫికెట్టే చెల్లుతుంది.

జీతం బాగుంటుంది, కానీ కాంట్రాక్టు ముగిసి ఇంట్లో ఉన్నన్నాళ్లు చాలా కంపెనీల్లో రాదు. లక్షలు కట్టించుకుని ఏదో దేశపు పాత ఓడెక్కించే ఏజెంట్లు మన తీర జిల్లాల్లో కొత్త కాదు. పంపే సంస్థకు ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు (ఓడలకు మనుషుల్ని పంపే అనుమతి) ఉందో లేదో డీజీ షిప్పింగ్ జాబితాలో చూడండి. ఉద్యోగానికి సీఫేరర్ (ఓడ ఉద్యోగి) దగ్గర డబ్బు వసూలు చేయడమే నిబంధనలకు విరుద్ధం. డబ్బడిగాడంటే అక్కడితో మాట ఆపేయడమే.

## బ్యాంకు, షిప్‌యార్డ్, మెరైన్ పోలీసు

ప్రభుత్వ రంగ బ్యాంకులు, సంస్థల్లో మాజీ సైనికుల కోటా గ్రూప్ సీలో 14.5 శాతం, గ్రూప్ డీలో 24.5 శాతం. కేంద్ర సివిలియన్ పోస్టుల 10 శాతంతో పోల్చితే ఇక్కడే వంతు పెద్దది, ఖాళీలూ ఎక్కువే. పదో తరగతి పాసై పదిహేనేళ్లు సర్వీసు చేసినవారిని డిగ్రీ అడిగే కొన్ని గ్రూప్ సీ రిజర్వుడు పోస్టులకు అర్హులుగా చూస్తారు. టెక్నికల్ అర్హత అడిగేవాటికి ఇది వర్తించదు. ఇంటి దగ్గర ఉండాలి, పిల్లల చదువు సాగాలి అంటే పెన్షనర్‌కు దీనికి మించింది లేదు.

అగ్నివీర్లు కూడా యూనిఫాం ఒక్కటే చూడొద్దు. 10 శాతం వర్తించే 16 సంస్థల్లో విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్, హైదరాబాద్ బీడీఎల్ (భారత్ డైనమిక్స్), మిధాని ఉన్నాయి. ఐటీఐ ట్రేడ్ చేతిలో ఉంటే అవి ఇంటి పక్క ఉద్యోగాలు.

తీర పోలీసు స్టేషన్లు ఆంధ్రలో 21. ఒడ్డు దగ్గరి నీళ్లు వీళ్లవి, ఆ పైన కోస్ట్ గార్డ్, ఇంకా పైన నేవీ. బోటు నడిపే పనికి మాజీ నేవీ వాళ్లను కాంట్రాక్టు మీద తీసుకోవడం రాష్ట్రాల్లో ఉన్నదే. జీతం స్థిరం కాదు. పెన్షన్ వస్తున్న, సొంత ఊరు తీరంలోనే ఉన్న సెయిలర్‌కు తప్ప మిగతావారికి సలహా ఇవ్వలేం.

## ఓడ మీద పని ఎలా ఉంటుందంటే

కోస్ట్ గార్డ్‌లో రోజువారీ శత్రువు గాలి, అల, కాగితం. తుపాను హెచ్చరిక రాగానే అందరూ ఒడ్డుకు వస్తుంటే వీళ్లు లోపలికి వెళ్తారు, లోపల మిగిలిపోయిన పడవల్ని మళ్లించడానికి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం, ఆ 61 రోజులూ గస్తీ. ఒడిశా వైపు వేస్తే ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కాపలా కూడా డ్యూటీయే, దాని పేరు ఆపరేషన్ ఒలీవియా. అనుమానం ఉన్న పడవ ఎక్కాలి, సోదా చేయాలి, కస్టమ్స్, మత్తుపదార్థాల చట్టాల కింద పట్టుకున్నదాన్ని జాబితా రాసి, సంతకాలు పెట్టించి, ఒడ్డున పోలీసులకో కస్టమ్స్‌కో అప్పగించాలి. ఫౌజులో ఎదుటివాడు శత్రువా కాదా అన్నది స్పష్టం. ఇక్కడ ఎదుటివాడు చాలాసార్లు లైసెన్సు కాగితం ఇంట్లో మరిచిపోయిన మత్స్యకారుడు. వాడితో గొంతు తగ్గించి మాట్లాడటం ఇక్కడ పనిలో భాగం. నేవీవాళ్ల కన్నా ఆర్మీ నుంచి వచ్చి, చెక్‌పోస్టుల మీద జనంతో మెలిగినవాళ్లకే ఇది త్వరగా పట్టుబడుతుంది.

కడుపు సంగతి వేరు. యాభై మీటర్ల ఫాస్ట్ పెట్రోల్ వెసెల్ ఆషాఢంలో బంగాళాఖాతంలో ఊగే తీరుకు, వంద మీటర్ల పెట్రోల్ ఓడకు పోలికే లేదు. మొదటి కొన్ని రోజులు వాంతులు దాదాపు అందరికీ. చాలామందికి సర్దుకుంటుంది, కొందరికి ఎన్నాళ్లయినా సర్దుకోదు. బస్సులో వెనక సీట్లో కూర్చుంటే తల తిరిగే మనిషి అయితే దరఖాస్తుకు ముందే ఒకసారి విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచో కాకినాడ నుంచో తెలిసినవాళ్ల మరపడవలో ఒక రోజు లోపలికి వెళ్లి రండి. పోస్టింగ్ పోర్‌బందర్ కావచ్చు, మండపం కావచ్చు, హల్దియా కావచ్చు, నికోబార్ చివరి కాంప్‌బెల్ బే కూడా కావచ్చు.

## కాగితాల దగ్గర జారే చోట్లు

డిశ్చార్జికి ఏడాది ముందు నుంచే మాజీ సైనికుల కోటాలో సివిలియన్ పోస్టులకు దరఖాస్తు చేయొచ్చు. చేరేది మాత్రం డిశ్చార్జి తర్వాతే. పెన్షన్ రాకముందే సొంత కోరికపై బయటికి వస్తే ఆ హోదా రాదు. పన్నెండేళ్లకే "ఇంక చాలు" అనుకునేవారు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

కోటాలో ఒకసారి ప్రభుత్వ సివిలియన్ ఉద్యోగంలో చేరితే మాజీ సైనికుడి రిజర్వేషన్ అక్కడితో అయిపోతుంది. దీనికో మినహాయింపు ఉంది. చేరేటప్పుడే "ఇంతకుముందు ఫలానా ఫలానా పోస్టులకు దరఖాస్తు చేసి ఉన్నాను" అని తేదీలతో సహా లిఖితపూర్వకంగా ఇస్తే, ఆ దరఖాస్తులకు మాత్రం రిజర్వేషన్ నిలుస్తుంది. లెవెల్ 1 ఎంటీఎస్‌లో చేరి, ఆర్నెల్లకు బ్యాంకు ఫలితం వచ్చాక ఈ కాగితం ఇవ్వలేదని గుర్తొస్తే చేసేదేమీ ఉండదు. అందుకే చేసిన ప్రతి దరఖాస్తు నంబరు, తేదీ ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి, చేరే రోజు ఆ జాబితాకు రెండు కాపీలు తీసి ఒకదాని మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి.

డిశ్చార్జి బుక్‌లో, పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోవడం ఇంకొకటి. ఇంటిపేరు ఒకచోట పొట్టక్షరం, ఒకచోట పూర్తిగా, ఒకచోట చివర. తెలుగువాళ్ల ఫైళ్లలో ఈ తేడా దాదాపు ఆనవాయితీ. రికార్డ్ ఆఫీసులో పార్ట్-2 ఆర్డర్ (సర్వీసు రికార్డులో మార్పు నమోదు చేసేది) ద్వారా సరిచేయించుకోవడం సర్వీసులో ఉండగా సులువు. బయటికి వచ్చాక అదే పనికి అఫిడవిట్, గెజిట్, నెలల ఉత్తరాలు.